దోసెడు అంటే ఎన్ని కప్పులు?

నిన్న హన్మకొండలో మా ఇంట్లో దోస్తుతో కలిసి సర్వపిండి చేశాను. తనది గుంటూరు వైపు, వాళ్లింట్లో దీన్ని తపాలచెక్క అంటారట. కొత్తగా కొన్న వంటల పుస్తకం గట్టు మీద పెట్టుకుని "రెండు కప్పుల బియ్యప్పిండి, ఒక కప్పు నీళ్లు" అని చదువుకుంటూ కలిపాం. పిండికి టీ కప్పు, నీళ్లకు కాఫీ మగ్గు (తప్పు మాదే లెండి). పిండి జావలా అయ్యి సర్వకు (అదే, గిన్నెకు) అంటనంటే అంటనని సతాయించింది.

అమ్మకు ఫోన్ చేస్తే ఊపిరి తీయకుండా చెప్పింది: "రెండు దోసెళ్ల పిండికి చారెడు నానిన శనగపప్పు, గుప్పెడు పల్లీలు, పిడికెడు ఉల్లాకు. కప్పులెందుకే, చేతులు లేవా?"

దోస్తు పట్టుకుంది: చారెడు, గుప్పెడు ఒకటేగా? కాదు. అరచేయి గుంట చేస్తే చారెడు, వేళ్లు మూస్తే గుప్పెడు, రెండు చేతులూ కలిపితే దోసెడు. నాకు ముచ్చటేసింది ఆ చివరి 'ఎడు' మీద. మూరెడు పూలు, కడివెడు నీళ్లు, గంపెడాశ, పుట్టెడు దుఃఖం. పుట్టి అంటే పాతకాలపు ధాన్యం కొలతలో 20 తూములు, ఆ దుఃఖం ఎంతో చూడండి! ఇంగ్లిష్ నుంచి వచ్చిన గ్లాసును కూడా వదల్లేదు, గ్లాసెడు మజ్జిగ అంటాం. మరి టీస్పూను? అని అడిగితే చదివినవాళ్లు ఇలా రాశారు:

– చెంచాడు ఉంది కదండీ, టీస్పూనుకు తోక ఎందుకు? మా పరకాల దిక్కు సోలెడు, మానెడు ఇంకా వింటాం. 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక.

– మేం ఇసుక కూడా 'లారీడు' అంటాం. ఇంతకీ చారెడా, చేరెడా?

రెండూ వాడుకలో ఉన్నాయి. కళ్ల దగ్గరికొస్తే మాత్రం 'చేరెడేసి కళ్లు' అన్నదే నా చెవికి బాగుంటుంది.

సర్వపిండి సంగతి అడిగిన వారికి: పొడిపిండి కలిపి గట్టి చేశాం. పలచగా వత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి, మూతపెట్టి సన్నమంట మీద కాల్చాం. మొదటిది బాగా వచ్చింది. ఆ సంబరంలో సర్వ చల్లారకముందే రెండోది వత్తబోయి దోస్తు వేళ్లు కాల్చుకుంది. పొద్దున్నే మెసేజ్ పెట్టింది: "చిటికెడు ఉప్పు అంటే రెండు వేళ్లా, మూడా?"

మీ ఇళ్లలో ఎన్ని?