అప్‌డేట్: పక్కింటాయన ప్రొటెక్షన్ వీసా కేసు

మెల్‌బోర్న్‌లో మా పక్కింటి శ్రీలంక తమిళాయనకి ప్రొటెక్షన్ వీసా (సొంత దేశంలో ప్రాణభయం ఉన్నవాళ్ళకి ఇచ్చేది) ఇవ్వలేదని, దానిమీద అప్పీలు వినే ట్రిబ్యునల్ కూడా కొట్టేసిందని, ఇంకేం దారి ఉందని రెండేళ్ళ కిందట అడిగాను. 35 రోజుల్లోపు కోర్టుకి వెళ్ళమన్నవాళ్ళకి దండం. 33వ రోజున ఫెడరల్ సర్క్యూట్ అండ్ ఫ్యామిలీ కోర్టులో వేశాం. ఆ నెలంతా టెన్షనే.

ఆయనకి ప్రాణభయం ఉందా లేదా అన్నది జడ్జి తేల్చరట. ట్రిబ్యునల్ చట్టప్రకారం విచారించిందా అన్నదే చూస్తారు. పక్కింటాయన తమ్ముణ్ణి పట్టుకెళ్ళిన సంగతి చెప్పే ఉత్తరం, అనువాదంతో సహా, ఫైల్లోనే ఉంది. ట్రిబ్యునల్ నిర్ణయంలో దాని ఊసే లేదు. లాయరుగారు పట్టుకున్నది అదే.

నిన్న తీర్పొచ్చింది. పాత నిర్ణయం రద్దు, ట్రిబ్యునల్‌లో మళ్ళీ విచారణ. వీసా ఇచ్చే అధికారం కోర్టుకి లేదు కాబట్టి ఇంకా బ్రిడ్జింగ్ వీసా (కేసు తేలేదాకా ఉండనిచ్చే తాత్కాలిక వీసా) మీదే ఉన్నారు. అయినా రాత్రి వాళ్ళావిడ గిన్నెడు పాయసం తెచ్చిచ్చి, గుమ్మంలోనే నిలబడి ఏడ్చేసింది.