హారాన్ని ‘అకరణీయం’ చేయాలా, ‘వాస్తవం’ చేయాలా?

ప్రశ్న:
ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి నోట్సులో (3 + 2ఐ)/(1 − 4ఐ) అనే భిన్నం కనిపించింది. ఐ అంటే వర్గం −1 అయ్యే కల్పిత సంఖ్య. దాన్ని సూక్ష్మీకరిస్తూ ‘హారాన్ని అకరణీయం చేయగా’ అని మొదలుపెట్టింది. √2, √3 లాంటి కరణులు (పూర్ణాంకాల భిన్నంగా రాయలేని మూలాలు) హారంలో ఉంటే, వాటిని తొలగించడానికి హైస్కూల్లో ఈ మాట వాడేవాళ్లం. ఇక్కడ కరణి ఎక్కడుంది? గణితం తెలిసిన సభ్యులు చెప్పగలరు.

జవాబు:
లెక్కకు వచ్చిన లోటేమీ లేదండి, పేచీ అంతా మాటతోనే. హారానికి సంయుగ్మం, అంటే ఐ ముందున్న గుర్తు మార్చి రాసిన సంఖ్య, 1 + 4ఐ. దానితో పైనా కిందా గుణిస్తే హారం 1 + 16, అంటే 17. లవం 3 + 12ఐ + 2ఐ + 8ఐ². ఐ² = −1 కనుక అది −5 + 14ఐ. జవాబు −5/17 + (14/17)ఐ. పిల్లలు తప్పేది ఎక్కువగా ఆ 8ఐ² దగ్గరే. గుర్తు మార్చడం మరిచి 11 రాసేస్తారు.

ఇక మాట సంగతి. కరణి అన్న మాట శుల్బసూత్రాల (యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాలు) నాటిది. రెట్టింపు వైశాల్యమున్న చతురస్రాన్ని ఇచ్చే భుజం ద్వికరణి, మూడు రెట్లు ఇచ్చేది త్రికరణి. మన √2, √3 అవే. అక్కడి నుంచే కరణీయ (పూర్ణాంకాల భిన్నంగా రాయలేని), అకరణీయ (అలా రాయగల) సంఖ్యలు. మామూలు వాడుకలో కరణీయం అంటే చేయదగినది కాబట్టి, ‘హారాన్ని అకరణీయం చేయుము’ అన్న వాక్యం సంస్కృత పండితుల కంటపడితే నవ్వుకుంటారు. పై లెక్కలో మనం వదిలించుకున్నది కరణిని కాదు, కల్పిత భాగాన్ని. హారం వాస్తవ సంఖ్య అయింది. ‘హారాన్ని వాస్తవం చేయగా’ అంటే సరిపోతుంది.

ఇంకొకరు:
ఒప్పుకోను మాస్టారూ. ఐ అంటే √−1 కదా, అదీ వర్గమూలమే. పైగా 17 అకరణీయ సంఖ్యే. అమ్మాయి రాసినదాంట్లో తప్పేముంది?

జవాబు:
17 అకరణీయం కావడం ఆ అంకెల చలవ. 1/((1 + √2) + ఐ) తీసుకోండి. సంయుగ్మంతో గుణిస్తే హారం (1 + √2)² + 1, అంటే 4 + 2√2. ఐ పోయింది, √2 మిగిలింది. హారం వాస్తవమైంది కానీ అకరణీయం కాలేదు. ఇప్పుడు 4 − 2√2తో మళ్లీ గుణిస్తే హారం 8. చివరికి √2/4 − ((2 − √2)/4)ఐ వస్తుంది. ఒకే లెక్కలో రెండు వేర్వేరు పనులు చేశాం. రెండింటికీ ఒకే పేరు పెడితే, ఏ మెట్టు దగ్గర ఉన్నామో విద్యార్థి ఎలా చెప్పాలి?

√−1ని కరణి అనడం కూడా నాకు రుచించదు. −1 వైశాల్యంతో చతురస్రం ఏదీ? తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు రుణసంఖ్య స్వభావరీత్యా వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదని తేల్చేశాడు. తెలుగు కవి పావులూరి మల్లన తెలుగు చేసింది ఈ మహావీరాచార్యుడి గణితాన్నే. ఐతో కూడిన ఈ సంకీర్ణ సంఖ్యలు తర్వాత ఎంత దూరం వెళ్లినా, కరణి అన్న మాటను సృష్టించినవారి ఊహలో వాటికి చోటు లేదు.

మరొక సభ్యురాలు:
అయితే ‘వాస్తవీకరణం’ అందామా?

జవాబు:
వద్దమ్మా. ఇప్పటికే ఈ పాఠంలో సంయుగ్మం, మాపం, ఆయామం లాంటి మాటలు మోస్తున్న పిల్లల నెత్తిన ఇంకో ‘ఈకరణం’ దేనికి? ‘హారంలోని ఐని తొలగించడానికి సంయుగ్మంతో గుణిద్దాం’ అని రాస్తే పేపరు దిద్దేవారికీ అర్థమవుతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారు కూడా ఉత్త ‘సూక్ష్మీకరించండి’ అని వదిలేయకుండా ‘వాస్తవ, కల్పిత భాగాలను విడదీసి రాయండి’ అంటే మేలు. సూక్ష్మీకరణ అంటే చిన్నది చేయడమనుకునే పిల్లవాడికి, (3 + 2ఐ)/(1 − 4ఐ) కంటే −5/17 + (14/17)ఐ ఏ విధంగా చిన్నదో నేనైతే నచ్చజెప్పలేను.