డర్బన్ బంధువులకు నిజం చెప్పాలా, వద్దా?

శారదాతీరం: మా ముత్తాత తమ్ముడు రంగం (బర్మా) పోయి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవారు. పోయిన నెల డర్బన్ నుంచి ఆయన మునిమనవరాలు ఓడ జాబితా కాపీ పంపింది. రంగం కాదు, నేటాల్, అంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం. 1902లో మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో వెళ్ళిన ఓడ. తండ్రి పేరు, కులం, తాలూకా, ఊరు అన్నీ మావే. వయసు 12. కుడి మోచేతి మీద కాలిన మచ్చ. వెంట పెద్దవాళ్ళెవరూ లేరు. మా మామ్మ ఒకసారి నోరు జారింది, గుంటడిని అన్నే ఏజెంటుకి అప్పజెప్పాడని. ఆ అన్న మా ముత్తాత. ఎందుకు వెళ్ళాడని ఆ అమ్మాయి అడుగుతోంది. ఏం రాయను?

గోదారిగట్టు: 12 అన్నదే నమ్మను. గుమాస్తా మనిషిని చూసి అంచనాగా వేసిన వయసు అయ్యుండొచ్చు. 16 ఉంటే తనంతట తనే వెళ్ళాడనుకోవచ్చు.

మస్కట్ రాజు: మా తమ్ముడికి 16 ఏళ్ళప్పుడు ఓ ఏజెంటు 21 అని రాయించి గల్ఫ్ పంపాడు. సంతకం నాన్నది. తమ్ముడు ఇప్పటికీ నాన్నతో మాట్లాడడు. చెప్పేయండి.

గోదారిగట్టు: మీ తమ్ముడి సంగతి వేరు. వయసు తేలకుండా రాస్తే పోయినవాడి మీద నింద వేసినట్టే. ఇంట్లో గంజి లేని రోజుల్లో నెలకు 10 షిల్లింగులు, తిండి అంటే తక్కువా?

చెరకుతోట: ఆ 10 షిల్లింగులు పెద్ద మగవాడికి, మొదటి ఏడాది. పిల్లలకు అంత ఇవ్వరు. 5 ఏళ్ళ ఒప్పందం తీరాక స్వేచ్ఛగా అక్కడే ఉండాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను. అంటే ఆరు నెలల జీతం. 1903 చట్టంతో 16 నిండిన మగపిల్లలు, 13 నిండిన ఆడపిల్లలు కూడా కట్టాలన్నారు. 1913లో అక్కడి భారతీయ కూలీలు చేసిన సమ్మె తర్వాత, 1914లో గానీ అది పోలేదు.

గోదారిగట్టు: పన్ను సరే. వయసుకు రుజువేది?

మస్కట్ రాజు: వయసు పట్టుకుని వేలాడతారేంటండీ! శారద గారూ, ఆ గుంటడి వాటా పొలం ఏమైంది? అది చెప్పండి ముందు.

వేణు: అందరూ కాస్త తగ్గండి.

శారదాతీరం: మా దగ్గరే ఉంది. రెండెకరాలు. ఇప్పటికీ దాన్ని చిన్నోడి మడి అనే అంటాం. చిన్నోడెవరని నేనెప్పుడూ అడగలేదు.

గోదారిగట్టు: అయితే మీ టెన్షన్ పొలం గురించా?

శారదాతీరం: కాదండీ. మా నాన్న మంచంలో ఉన్నారు. ఆయన్ని ఎత్తుకుని పెంచింది ఆ తాతే. పిల్లాణ్ణి అమ్ముకున్నాడని నా చేత్తో ఎలా రాయను?

చెరకుతోట: మీ తాతను మీరు కాపాడుకుంటున్నారు. ఆ అమ్మాయి తన తాత కోసం అడుగుతోంది. ఆయన మీ ఇంటి పిల్లాడే కదా.

శారదాతీరం: నిజమే. అమ్మాడని రాయను, నాకు తెలియదు. మామ్మ అన్నమాట అన్నట్టే రాస్తాను. మడి ఫోటో పెడతాను. ఆ మచ్చ బెల్లం పెనం తగిలి కాలిందట, అదీ రాస్తాను.