సమస్య: ఇసుక పోసి కేకు నింట జేసె

నిర్వాహకుడు: ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇది. పై మూడు పాదాలూ మీరు రాసి అర్థం కుదర్చాలి, అదే పూరణ. పిండిలోనే ఇసుక కలిపారని చదివితే నోట్లో కరకరమంటుంది. ఆ చిక్కు విప్పాలి. ఓవెను లేని రోజుల్లో క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు మా అమ్మ చేసిన పనే ఇది, నేను కల్పించింది కాదు. పూరణలో వంటింటి వాసన రావాలని నా ఆశ.

గుంటూరు అక్కయ్య:

పొయ్యి కెత్తి పాత బూరెల మూకుడు
నడుగు మాడకుండ నమ్మ నేడు
మంట తగ్గ జేసి మఱి మూత బిగియించి
యిసుక పోసి కేకు నింట జేసె

బాపట్ల మాస్టారు: మొదటి పాదం చదవగానే మనసు నిండిందమ్మా. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిర్చే "పొ–బూ" యతి వెతికి తెచ్చినట్టు లేదు, బూరెల మూకుడు తానే వచ్చి కూర్చుంది. "అడుగు మాడకుండ" అన్నది అసలు కీలకం. సెగ నేరుగా గిన్నెకు తగలకుండా ఇసుక దాన్ని పట్టి, చుట్టూ సమంగా పంచుతుంది. అయితే మూడో పాదంలో "మఱి" వట్టి పూరకం, పాదం నింపడానికే వచ్చింది. పైగా ఇసుక పోయకముందే మూత బిగించారు! "మంట తగ్గ జేసి మందపు పొరగాను / నిసుక పోసి" అంటే రెండు దోషాలూ పోతాయి.

గుంటూరు అక్కయ్య: నిజమే మాస్టారూ. అంగుళం మందాన ఇసుక, పది నిమిషాలు కాగాక మధ్యలో స్టాండు, దాని మీద గిన్నె. మూత ఆ తర్వాతే. వంటలో తప్పని క్రమం పద్యంలో తప్పాను, దిద్దుకుంటాను.

మెదక్ చెల్లెలు: నాది వేరే దారి.

పసుల పాక నొకటి పంచలోపల గట్టి
చుట్టు గడ్డి పఱచి చుక్క నిలిపి
యక్క గొల్ల లరుగు నా చిన్ని బాటకై
నిసుక పోసి కేకు నింట జేసె

బాపట్ల మాస్టారు: భేష్! ఇసుకను కేకు నుంచి తప్పించి, క్రీస్తు పుట్టుకకు గుర్తుగా ఇంట్లో కట్టే పాకలోకి మళ్లించారు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. చుక్క మత్తయి సువార్తలోది, గొల్లలు లూకాలోని వాళ్లు. రెండూ ఒకే పంచలో కలవడం ప్రతి ఇంటి పాకలోనూ జరిగేదే. 1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో అసిసి ఫ్రాన్సిస్ ఆ పుట్టుకను కళ్లకు కట్టడానికి నిజమైన ఎద్దునూ గాడిదనూ గడ్డి దగ్గర నిలిపాడు. మీ పద్యంలోనూ గడ్డి ఉంది, పశువు మాత్రం కనబడలేదు.

మెదక్ చెల్లెలు: మట్టి ఆవుకు కొమ్ము విరిగింది మాస్టారూ, మైదా జిగురుతో అతికిస్తున్నాం. చుక్కకు వెదురు బద్దలు కట్టాక మిగిలిన జిగురే. మా చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఈ పండుగ రోజుల్లో ఆ గోపురం దీపాలు చూసొచ్చాక ఇంట్లో చుక్క వెలగకపోతే పిల్లలు ఊరుకోరు.

విశాఖ తమ్ముడు: మొదటి ప్రయత్నమండీ. తప్పులుంటే దిద్దండి.

నెయ్యి పంచదార నిండుగా కలిపి
గుడ్లు నాల్గు కొట్టి గుండ గలిపి
పిన్ని మైద జల్లి పెద్ద గుండిగ లోన
నిసుక పోసి కేకు నింట జేసె

బాపట్ల మాస్టారు: నాయనా, మొదటి పాదం చివర "కలిపి" మూడు లఘువులే (పొట్టి అక్షరాలే), అంటే చిన్నదైన సూర్యగణం. అక్కడ దానికంటే పెద్దదైన ఇంద్రగణం రావాలి. "నిండుగా గిలకొట్టి" అను. గణమూ సరిపోతుంది, నెయ్యీ పంచదారా తెల్లగా నురగెత్తేదాకా చేసే పనికి అదే సరైన మాట. రెండుసార్లు "కలిపి" రావడమూ తప్పుతుంది. గుండిగలో ఇసుక పోయడం మాత్రం అందరికంటే నువ్వే తేటగా చెప్పావు.

విశాఖ తమ్ముడు: పిన్నికి చదివి వినిపించానండీ. "గిలకొట్టి" దగ్గర నవ్వింది. చీపురు పుల్ల గుచ్చి చూసే సంగతి ఏదని అడిగింది. పుల్లకు పిండి అంటకపోతేనే దించుతుందట.

నిర్వాహకుడు: పుల్ల మీద ఇంకో పద్యం రాసి పంపు తమ్ముడూ. మిగతావారికి వచ్చే వారం సమస్య: "పగలు వెలిగె నింటి పైని చుక్క". ఇదీ ఆటవెలదే.