అప్‌డేట్: గెంటింగ్ కొండ మీది చైనీస్ గుడి చూసొచ్చాం

మలేషియా గెంటింగ్ హైలాండ్స్‌లోని చిన్ స్వీ గుడిని టూరిస్టుల కోసమే కట్టారా అని అడిగాను కదా. పోయిన వారం అమ్మతో కలిసి వెళ్లొచ్చాను. మూలం భక్తేనండీ. గెంటింగ్ రిసార్టు స్థాపకుడు లిమ్ గో టాంగ్‌ది చైనాలోని ఫుజియన్ రాష్ట్రం, అన్షీ. అక్కడివాళ్లు వానల కోసం మొక్కుకునే, సాంగ్ రాజవంశపు కాలం నాటి సన్యాసి చిన్ స్వీ పేరు మీదే ఈ గుడి వెలిసింది. 1976లో మొదలుపెడితే పూర్తవడానికి దాదాపు 18 ఏళ్లు పట్టింది! నిట్టనిలువు రాతికొండ కావడంతో యంత్రాలు ఎక్కలేదు, పునాది గుంతలు మనుషులే చేత్తో తవ్వారు. అది చెప్పగానే అమ్మ మెట్ల దగ్గరే చేతులు జోడించింది. ఇప్పుడు కేబుల్ కార్ గుడి దగ్గరే ఆగుతుంది, అమ్మ మోకాళ్ల టెన్షన్ తప్పింది. తొమ్మిదంతస్తుల పగోడా (గోపురం లాంటి కట్టడం) తప్పక చూడండి. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.