అమెజాన్ నేలలో సారం లేదంటారు, మరి అంత అడవి ఎట్లా పెరుగుతోంది?

అనంత_చేను:
అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గం వైపు, ఎర్రనేల, వాన మీద శనక్కాయ వేస్తాం. అమెజాన్‌లో అడవి కొట్టేసి పంట వేస్తే రెండు మూడేళ్లకే భూమి చేతులెత్తేస్తుందని చదివాను. అట్లయితే ఆ మహావృక్షాలు ఏం తిని పెరుగుతున్నాయి? ఫోటోల్లో చూస్తే మట్టి అచ్చం మా చేను మట్టిలాగే ఎర్రగా ఉంది. మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే సంతోషం, అక్కడ 2000 దాటుతుంది. అంత వాన ఉండి కూడా నేల బీదగా ఎందుకుంది?

మట్టి_మాస్టారు:
అన్నా, బీదగా చేసింది ఆ వానే. వేడి, వాన రెండూ లక్షల ఏళ్లు ఆగకుండా పనిచేస్తే రాయి చాలా లోతు వరకు కుళ్లిపోతుంది. కాల్షియం, మెగ్నీషియం, పొటాష్ నీళ్లతో ముందే కొట్టుకుపోతాయి, తర్వాత నెమ్మదిగా సిలికా కూడా కరిగిపోతుంది. చివరికి మిగిలేది ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు, కయోలినైట్ అనే బంకమన్ను. ఎరుపు ఇనుముది, దాన్ని చూసి సారం చెప్పలేం. పీహెచ్, అంటే నేల పులుపును చెప్పే అంకె (7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు), చాలాచోట్ల 4, 5 మధ్య ఉంటుంది, అంత పులుపులో అల్యూమినియం కరిగి వేర్లను దెబ్బతీస్తుంది, భాస్వరాన్నేమో ఇనుము పట్టేసుకుని వదలదు. కయోలినైట్‌కి పోషకాలను పట్టుకునే శక్తి తక్కువ కాబట్టి పైనుంచి పొటాష్ వేసినా వానకు జారిపోతుంది.

ఇక చెట్ల సంగతి. అక్కడ సారం చాలావరకు మట్టిలో కాదు, చెట్టులోనే ఉంటుంది. రాలిన ఆకు ఆ వేడికి, తేమకు నెలల్లోనే కుళ్లుతుంది, పైపైనే అల్లుకున్న వేర్లూ వాటిని అంటుకున్న శిలీంధ్రాలూ ఆ పోషకాలు వానకు దొరక్కముందే లాగేసుకుంటాయి. చెట్టు కొట్టి కాలిస్తే ఆ బూడిదతో మొదటి పంట బాగా వస్తుంది, బూడిద కొట్టుకుపోయాక ఇంకేముంటుంది?

మన ఎర్రనేల గ్రానైట్ రాయి నుంచి వచ్చింది. వాన తక్కువ కాబట్టి ఖనిజాలు అంతగా కడుక్కుపోలేదు. మన ఇబ్బంది నీళ్లు, లోతు, సేంద్రియ పదార్థం.

నంద్యాల_రేగడి:
సార్, మా నల్లరేగడిలో వాన పడితే నడవలేం, ఎండితే కాలు దిగబడేంత నెర్రెలు. అక్కడా బంకమన్నే అంటున్నారు, అంత వానకు బురదగుంట అయిపోవాలి కదా?

మట్టి_మాస్టారు:
మంచి ప్రశ్న తమ్ముడూ. రేగడిలో ఉండేది నీళ్లు తాగి ఉబ్బే రకం బంకమన్ను, కయోలినైట్ అట్లా ఉబ్బదు. పైగా ఇనుము ఆక్సైడ్లు సన్నటి మట్టిని గట్టి గుళికలుగా అతికిస్తాయి, వాటి మధ్య సందుల్లోంచి నీళ్లు ఇసుకలో దిగినట్టు దిగిపోతాయి. పోషకాల్లో బీదదైనా మట్టి అమరికలో ఆ నేల చాలా మంచిది. కానీ అడవి తీసేసి బుల్‌డోజర్లు తిప్పితే గట్టిపడుతుంది, ఆకు కప్పు పోయి వాన నేరుగా కొడితే పైమట్టి కోతకు పోతుంది.

కడప_వాసి:
ఒక మాట చేరుస్తా. వర్షారణ్యాల నేలలన్నీ ఇట్లాగే ఉండవు. జావాలో అగ్నిపర్వతాల బూడిద కొత్త ఖనిజాలు తెచ్చి పోస్తుంది, అందుకే అక్కడ అంత వరి, అంత జనం. అమెజాన్‌లోనే వరద మైదానాల్లో ఆండీస్ పర్వతాల నుంచి వచ్చే ఒండ్రు పడి నేల సారవంతంగా ఉంటుంది, రియో నీగ్రో నది వైపు తెల్లటి ఇసుక మాత్రం ఎర్రనేల కన్నా బీద. ఇవన్నీ ఒక ఎత్తు, అమెజాన్‌లో పాతకాలపు జనం వేసిన బొగ్గు, ఎముకలు, వంటింటి చెత్త కలిసి తయారైన నల్లమట్టి ఒక ఎత్తు. వందల ఏళ్లు గడిచినా అది ఇంకా సారంగానే ఉంది. బీద నేలను మనుషులు బాగుచేసుకోగలరని దాన్ని చూస్తే నాకు గట్టి నమ్మకం కలుగుతుంది.

అనంత_చేను:
చాలా థాంక్స్ అందరికీ. పులుపు నేలకు సున్నం మంచిదంటారు, మా చేనుకూ వేయాలా సార్? శనక్కాయ కట్టె అంతా పశువులకే పోతోంది, చేలో ఏమీ మిగలడం లేదు.

మట్టి_మాస్టారు:
పరీక్ష చేయించకుండా సున్నం వేయొద్దన్నా, మన దగ్గర చాలా చేలు పులుపు కావు. శనక్కాయకు కాల్షియం కావాలి, దానికి పూల నుంచి ఊడలు మట్టిలోకి దిగే టైములో ఎకరాకు 200 కిలోల జిప్సం సరిపోతుంది. కట్టె పశువులకు పోయినా పర్వాలేదు, పేడ మాత్రం దిబ్బలో మాగబెట్టి చేనుకే తోలండి. దగ్గర్లో చెరువు ఎండితే ఆ మట్టి కూడా తోలుకోండి, మీ నేలకు తేమ నిలవడానికి బాగా పనికొస్తుంది.