కొరియాలో గది వెతుకుతుంటే "వెగుగిన్ (విదేశీయులు) వద్దు" అంటున్నారు. మీకూ ఇలాగే అయిందా?

కొత్తగా_దెజొన్‌లో
పీహెచ్‌డీకి వచ్చి మూడు వారాలైంది. ఐదు బుదొంగ్‌సాన్‌లు (ఇళ్ల ఏజెంట్ల ఆఫీసులు) తిరిగాను. ల్యాబ్‌లో కొరియన్ సీనియర్ ఫోన్ చేస్తే గది ఉంటుంది, నేను గుమ్మంలో నిలబడితే ఉండదు. నిన్న ఒకావిడ రెండు చేతులూ ఇంటూ గుర్తులా అడ్డం పెట్టి "వెగుగిన్, నో" అంది. సబ్‌వేలో నా పక్క సీటు ఖాళీగానే ఉంటోంది. డిపాజిట్ మామూలుగా ఎంత అడుగుతారు? వచ్చే ఏడాది మా ఆవిడని తీసుకురావచ్చా?

సువొన్_సీనియర్
పన్నెండేళ్లుగా ఇక్కడున్నాను, విను తమ్ముడూ. వాళ్ల భయం నీ రంగు గురించి కాదు, నీ తాలింపు గురించి. ఇంగువ పోపు వాసన వాల్‌పేపర్‌కి పట్టేస్తే ఓనరు మొత్తం మార్పించుకోవాలి. భాష నేర్చుకో, సగం వివక్ష పోతుంది. నాది టోపిక్ (కొరియన్ భాషా పరీక్ష) లెవెల్ 5.

పోపులడబ్బా
మాష్టారూ, పక్కింట్లో చొంగుక్‌జాంగ్ (పులియబెట్టిన సోయా గింజల పులుసు) ఉడుకుతుంటే వరండాలో నడిచారా ఎప్పుడైనా? వారం ఉతకని సాక్సులే. అది సంప్రదాయం, మన ఇంగువేమో కంపు!

సువొన్_సీనియర్
అది వాళ్ల దేశం అమ్మా.

పోపులడబ్బా
అమ్మా గిమ్మా అనకండి. అద్దె నేనూ కడుతున్నాను, వాళ్ల దేశంలోనే.

వంటవాడు_అన్సాన్
వాసన సంగతి నన్నడగండి, పొద్దస్తమానం ఉల్లిపాయలు వేయించేవాణ్ణి. నాకు మండేది పన్మల్, అంటే మర్యాద లేకుండా "నువ్వు" అని మాట్లాడటం. మా హోటల్‌కి వచ్చే పెద్దాయన పక్క టేబుల్ తెల్లాయనతో "మీరు" అని మాట్లాడతాడు. నావైపు తిరిగితే "ఏయ్, నీళ్లు పట్రా". ఇద్దరమూ వెగుగిన్‌లమే కదా! లెవెల్ 5 వస్తే ఇంకా బాగా అర్థమవుతుంది సార్, తిట్టేది.

పార్ట్‌టైమ్_లాయరు
ఇది భాషతో పోయేది కాదు. 2009లో బుచొన్‌లో బస్సెక్కిన భారతీయ పరిశోధకుణ్ణి ఒకాయన కంపు కొడుతున్నావంటూ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన వదల్లేదు, కేసు పెట్టాడు. కోర్టు పది లక్షల వాన్ జరిమానా వేసింది. అదీ అవమానించినందుకని. వివక్షకంటూ సమగ్రమైన చట్టమే లేదక్కడ. 2007లో బిల్లు పెట్టారు, ఆ తర్వాతా ఎన్నోసార్లు పెట్టారు, అంతే.

కిమ్చీ_కోడలు
నాకైతే ఎనిమిదేళ్లలో ఒక్కటీ జరగలేదు. పక్కింటి అజుమ్మా ఏటా కిమ్చీ డబ్బా నింపి పంపుతుంది. అసలు హైదరాబాద్‌లో ఆఫ్రికన్ స్టూడెంట్స్‌కి ఇల్లు ఇచ్చేదెంతమంది? మణిపూర్ పిల్లల్ని ఏమని పిలుస్తాం?

వంటవాడు_అన్సాన్
అక్కా, మన తప్పుంటే నాకు నీళ్ల కేక తగ్గుతుందా?

దేగు_పోస్ట్‌డాక్
దేగు ఊళ్లో దెహ్యొన్-దొంగ్‌ పేటలో మసీదు కడుతున్న సందుకి దగ్గర్లో ఉండేవాణ్ణి. 2021 ఫిబ్రవరిలో జిల్లా ఆఫీసు పని ఆపించింది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కట్టుకోవచ్చంది. ఆ తర్వాతే మసీదు వద్దనేవాళ్లు ఎదురుగా పంది తలలు పెట్టారు. ఓ సాయంత్రం పాల ప్యాకెట్టు పట్టుకొని వస్తుంటే ఒక హరబొజి (తాతయ్య) నన్ను చూసి నేల మీద ఉమ్మాడు. "నేను ముస్లింని కాదు" అనబోయి ఆగిపోయాను. ఆ మాట నోటిదాకా రావడమే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

సువొన్_సీనియర్
మతం తేవద్దు ఇక్కడికి. గదుల గురించి మాట్లాడుకుందాం.

దేగు_పోస్ట్‌డాక్
మీరు ఇంగువ తెచ్చారుగా.

గోంగూర_ప్రియుడు
మధ్యలో వస్తున్నందుకు సారీ. చింతపండు ఎక్కడ దొరుకుతుంది?

పోపులడబ్బా
సియోల్‌లో ఇతెవొన్ మసీదు ఎదురుగా ఉన్న కొట్లలో. గింజలు తీసిందే కొనుక్కో.

కొత్తగా_దెజొన్‌లో
డిపాజిట్ సంగతి ఎవరూ చెప్పలేదు గానీ నిన్న గది దొరికింది. యాభై లక్షల వాన్ కట్టాను. ఓనరమ్మ ఒక్కటే అడిగింది, వంట చేస్తావా అని. చెయ్యనని చెప్పేశాను.

సువొన్_సీనియర్
చెప్పానా!

పోపులడబ్బా
కిటికీ ఏ వైపుంది బాబూ?

కొత్తగా_దెజొన్‌లో
రోడ్డు వైపండి.

పోపులడబ్బా
అయితే పెట్టుకో పోపు.